ఒక్కదానికి కాస్ట్‌కో ఎందుకు

ప్లెయిన్స్‌బరో,
అక్టోబరు 12, 2024.

శశికి వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చెవి మిషన్ పెట్టుకుంటే ఈల వేస్తోందని తీసి డబ్బాలో పడేశానని రాశావు. నీ కొడుకు రాజ్ పోరు పడలేకైనా పెట్టుకుంటావనుకున్నాను. ఒక రకంగా నాకది మంచిదే అయిందిలే. నీకు ఫోన్లో వినబడదు కాబట్టే కదా మనం మళ్లీ కాగితం, కలం పట్టుకున్నాం. మెసేజ్‌లు పెట్టుకోమంటాడు రాజ్. నేను తెలుగులో టైప్ చేస్తే ఫోను తనకి తోచిన మాటలు వేస్తుంది.

నిన్నొక చిన్న విషయం అడగాలి. కాస్ట్‌కో మెంబర్‌షిప్ గడువు అయిపోవస్తోందని కాగితం వచ్చింది. మీ అన్నయ్య పేరు మీదే వచ్చింది. ఆయన పోయి ఏడాది దాటినా వాళ్లకి నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. అన్నీ బస్తాల లెక్కన అమ్మే ఆ కొట్టుకి మళ్లీ ఏడాది డబ్బు కట్టాలా, ఇక మానేయాలా అన్నది తేలడం లేదు.

మొన్న ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుని వెళ్లాను. ఉల్లిపాయల సంచి బండిలోకి ఎత్తడానికి పక్కనున్న ఒకాయన్ని పిలవాల్సి వచ్చింది. పాలకూర డబ్బా తెస్తే సగం కుళ్లింది. గుడ్లు ఎన్నాళ్లు తిన్నా తరగడం లేదు. కింది అపార్ట్‌మెంట్ దివాకర్ చూసి, “ఇంత సామాను ఏం చేస్కుంటరు ఆంటీ? యాప్‌ల ఆర్డర్ చేయొచ్చు గద” అన్నాడు. ఆ కుర్రాడిది కరీంనగర్. ఆ యాస వింటే నాకు ముచ్చటగా ఉంటుంది. అతని భార్య మనీషా రెండు డజన్ల గుడ్లు తీసుకుని వెళ్లింది.

మీ అన్నయ్యకి అక్కడ ప్రతి వరసా నడవాలి. టైర్లు కొనేది లేకపోయినా వెళ్లి ఒకసారి నొక్కి చూసి రావాలి. రుచి చూడమని చిన్న కప్పుల్లో పెట్టి ఇస్తారు చూడు, అది తిన్నాక ఆ డబ్బా మీద రాసిందంతా శ్రద్ధగా చదివి, “వీ విల్ థింక్” అని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి కదిలేవారు. నేను సిగ్గుపడి దూరంగా వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు ఆ కప్పులిచ్చే వాళ్ల ముందు నుంచి తల తిప్పుకుని పోతున్నాను.

ఇంట్లో అన్ని నోళ్లున్న రోజుల్లో ఆ కార్డు లేకపోతే గడిచేది కాదు. ఇప్పుడు ఒక్కదానికి అదెందుకు చెప్పు? నీ మాట రాయి. నీ మనవరాలు నిధికి ముద్దులు.

నీ వదిన,
జ్ఞానప్రసూన


హెర్న్‌డన్,
అక్టోబరు 21, 2024.

వదిన గారికి శశికళ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను.

నాకు శనివారాలు గుర్తొచ్చాయి. నేను ఐసెలిన్‌లో చీరల షాపులో మధ్యాహ్నం దాకా పనిచేసి, ఓక్ ట్రీ రోడ్ మీద నిలబడితే అన్నయ్య పాత వ్యాన్ తెచ్చేవాడు. మీరు ముందు సీట్లో, రాజ్ వెనకాల. కాస్ట్‌కోలోకి వెళ్లగానే వాడు సామాను తోసే బండి ఎక్కి కూర్చునేవాడు. బియ్యం బస్తా వచ్చాక బస్తా మీద కూర్చునేవాడు. అన్నయ్య ఏ వస్తువు తీసినా వాడి ముందు పెట్టి, “ఏరా, మనకిది అవసరమంటావా?” అని అడిగేవాడు. నాలుగేళ్ల పిల్లాడు. వాడు బాగా ఆలోచించి “అవసరమే” అనేవాడు. వాడు వద్దన్నది ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చాక హాల్లో దుప్పటి పరిచి సామానంతా దాని మీద పోసేవాళ్లం. పప్పులు సీసాల్లో నింపడం మీ పని, డబ్బాలకి పేర్లు అంటించడం నా పని. ఆ దుప్పటి మీదే రాజ్ నిద్రపోయేవాడు.

అన్ని నోళ్లు అని రాశారు. నిజమే. మీరిద్దరే ఉన్న ఇంటికి మేమిద్దరం అదనంగా వచ్చిపడ్డాం. ఆయనతో పడలేక డాలస్ నుంచి పిల్లాణ్ణి తీసుకుని వచ్చిన నన్ను, వాడి హైస్కూల్ అయ్యేదాకా పెట్టుకున్నారు. మాకు తిండి పెట్టడానికే మీరా కార్డు తీసుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి నేనెప్పుడూ మరిచిపోలేదు.

అన్నయ్య పేరు అక్కడి నుంచి తీసేయకండి. ఇక నుంచి ఆ డబ్బు రాజ్ కడతాడు. అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ అకౌంట్లన్నీ వాడే చూశాడు కదా, నంబరు వాడి దగ్గరుంది. నిన్ననే కట్టేశాడు. మీరు దాని గురించి ఆలోచించకండి.

ఇట్లు,
శశికళ


ప్లెయిన్స్‌బరో,
నవంబరు 2, 2024.

శశికళకి,

డబ్బు ముట్టిందని కాస్ట్‌కో వాళ్ల ఈమెయిల్ నీ ఉత్తరం కన్నా ముందే వచ్చింది. ఎవరు కట్టారో తెలియక బ్యాంకుకి ఫోన్ చేశాను. తర్వాత నీ కవరు వచ్చింది.

నేను ఫార్మా ల్యాబ్‌లో నా కాళ్ల మీద నిలబడి రిటైరయ్యానమ్మా. మీ అన్నయ్య నాకేమీ లోటు చేసి వెళ్లలేదు. నేను అడిగింది సలహా. ఒంటరి ఆడది ఉల్లిపాయలు కొనుక్కోలేకపోతోందని మీ ఇంట్లో అనుకున్నారా? వేద ఏమనుకుని ఉంటుంది? నీ కోడలి ముందు నన్నెందుకిలా నిలబెట్టావు?

ఇంకోటి. ముప్ఫై ఏళ్లుగా నన్ను నువ్వు అని పిలిచిన మనిషివి. ఇప్పుడు ‘వదిన గారు’ అనీ, ‘మీరు’ అనీ, ‘ఇట్లు శశికళ’ అనీ రాశావు. ఇదెవరు నేర్పారు? మీ అన్నయ్య లేకపోతే నేను పరాయిదాన్నయ్యానా?

రేపు వెళ్లి మెంబర్‌షిప్ మాన్పించేస్తాను. కట్టింది తిరిగి ఇస్తారట. అది రాజ్ కార్డుకే వెళ్లిపోతుంది. వాడి మీద నాకు కోపం లేదని చెప్పు.

ఇక్కడ చలి మొదలైంది.

జ్ఞానప్రసూన


హెర్న్‌డన్,
నవంబరు 30, 2024.

వదినా,

డబ్బు వాపసు వచ్చిందని రాజ్ చెప్పాడు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. “అత్తకి కోపం వచ్చిందా అమ్మా? నేనేం తప్పు చేశాను?” అని అడిగాడు. ఏం చెప్పను? థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి నువ్వు రాలేదు. మనీషా వాళ్లతో తిన్నానని వేదకి మెసేజ్ పెట్టావట. నిధి నీకోసం ఒక కుర్చీ వేసి ఉంచింది.

నేను దాచుకోకుండా రాసేస్తాను. నాకు బాధ కలిగించింది ‘నోళ్లు’ అన్న మాట.

మేమొచ్చిన కొత్తలో ఒక ఆదివారం. నేను లోపలి గదిలో రాజ్‌కి తల దువ్వుతున్నాను. అప్పుడు నా చెవులు బాగా పనిచేసేవి కదా. నువ్వూ అన్నయ్యా వంటింట్లో ఉన్నారు. “ఇద్దరమే ఉన్నప్పుడు ఈ ఖర్చు లేదు” అని అన్నయ్య అన్నాడు. నువ్వేదో అన్నావు. కుళాయి నీళ్ల చప్పుడులో అది వినబడలేదు. కాసేపటికి ఇద్దరూ చెప్పులేసుకుని బయటికెళ్లి ఆ కార్డు తీసుకొచ్చారు.

నువ్వేమన్నావో నాకు నేనే ఊహించుకున్నాను. ఏం చేస్తాం, వచ్చిపడ్డారు, పెట్టాలి కదా అని ఉంటావనుకున్నాను. తప్పుపట్టడానికి కాదు. నీ చోట నేనున్నా అదే అనేదాన్నేమో. అందుకే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రెండోసారి అన్నం పెట్టించుకోవాలంటే నాకు జంకుగా ఉండేది. ఇన్నేళ్ల తర్వాత నీ ఉత్తరంలో ఆ మాట చూసేసరికి, వదిన ఇప్పటికీ అలాగే అనుకుంటోందనిపించింది. డబ్బు కట్టమని రాజ్‌కి చెప్పింది నేనే. వేదకి ఈ సంగతే తెలియదు.

‘మీరు’ అని ఎందుకు రాశానో నాకే తెలియలేదు. చెయ్యి అలా రాసింది.

శశి


ప్లెయిన్స్‌బరో,
డిసెంబరు 9, 2024.

నా పిచ్చి శశికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పొయ్యి మీద చారు మరిగి మరిగి అడుగంటింది.

ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. మీ అన్నయ్య ఆ మాట అన్నది నిజం. నేనేమన్నానో నువ్వు వినలేదు కాబట్టి ఇప్పుడు చెబుతాను. అంతకంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటుంది.

నువ్వు రాకముందు అయిదేళ్లు నేను న్యూ బ్రన్స్‌విక్‌లో డాక్టర్ల చుట్టూ తిరిగాను. పిల్లల కోసం. మీ అమ్మగారికి కూడా చెప్పలేదు. ఆ రోజుల్లో మా ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ తన కార్డు మీద నన్ను కాస్ట్‌కోకి తీసుకెళ్లింది. అక్కడ ఎవరి బండి చూసినా నిండా సామాను, సామాను మధ్యలో పిల్లలు. నేను ఆలివ్ నూనె టిన్ను ఒక్కటి తీసుకుని బయటికొచ్చాను. ఆవిడ మంచి మనసుతోనే, “అంతేనా?” అంది. ఆ మాటకి నేను ఇంటిదాకా జవాబు వెతుక్కున్నాను. మళ్లీ ఎప్పుడూ ఆవిడతో వెళ్లలేదు. మేమిద్దరం తినేదెంత? ఏ కొట్లో కొన్నా సరిపోతుంది.

తర్వాత నువ్వొచ్చావు. నీ బాధతో నువ్వొచ్చావు, నేను సంతోషపడకూడదు. అది నాకు తెలుసు. కానీ ఒక వారం తిరిగేసరికి బియ్యం డబ్బా ఖాళీ అయింది శశీ. పాలు రోజు విడిచి రోజు కొనాల్సి వచ్చేది. రాజ్ అరటిపండ్లన్నీ తినేసి తొక్కలు సోఫా కింద దాచేవాడు. నాకు ఎంత బాగుండేదో నీకెలా చెప్పను?

ఆ ఆదివారం మీ అన్నయ్య ఖర్చు మాటెత్తారు. ఆయన సంగతి నీకు తెలిసిందే, ఏది కొనాలన్నా ముందు వద్దనడం అలవాటు. అప్పుడు నేను అన్నది ఇది. “ఇద్దరమే ఉన్నప్పుడు ఈ ఖర్చు పెట్టే భాగ్యం మనకుందా? నాకు బస్తా బియ్యం కొనాలనుంది. పదండి.” ఆయన నా మొహంలోకి చూశారు. కారు తాళాలు తీశారు. నేను లోపలికొచ్చి చీర మార్చుకున్నాను, నువ్వు చూసే ఉంటావు. కౌంటర్ దగ్గర వాళ్లు ఇంట్లో ఎంతమంది అని అడగలేదు. నేనే చెప్పాను, నలుగురమని.

నువ్వు రెండోసారి అన్నం పెట్టించుకోలేదని నాకిప్పుడు తెలిసింది. నాకు అప్పుడే ఎందుకు తెలియలేదా అని ఉంది.

మెంబర్‌షిప్ మాన్పించిన రోజు సంగతి కూడా చెబుతాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి పేరు అనిక. మన పిల్లే, ఇక్కడ పుట్టి పెరిగింది. కారణం అడిగింది. ఇంట్లో మనుషులు లేరన్నాను. ఆ పిల్ల కంప్యూటర్ మీద చెయ్యి ఆపి, “ఆంటీ, మీరు షూర్ ఉన్నారా?” అంది. ఉన్నానన్నాను. మీ అన్నయ్య పేరు తెర మీద నుంచి పోయింది. బయటికొచ్చాక కారు ఎక్కడ పెట్టానో గుర్తు రాక ఆ పార్కింగ్ లాట్ అంతా తిరిగాను.

రాజ్‌కి నా తరఫున క్షమించమని చెప్పు. వాడు తప్పు చేయలేదు. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు, వాడికి తెలుగు చదవడం రాదు కదా.

నీ
వదిన


హెర్న్‌డన్,
జనవరి 5, 2025.

వదినా,

వినిపించాను. అరటి తొక్కల దగ్గర వాడు నవ్వాడు. తర్వాత నువ్వు అన్నయ్యతో అన్న మాట దగ్గరికొచ్చేసరికి లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయాడు. వచ్చి, “మామయ్య, అత్త నాకెప్పుడూ చెప్పలేదు కదా” అన్నాడు. నాకూ చెప్పలేదు కదా అన్నాను.

నేనీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో అడగకు. ముందు సంతోషం వేసింది. తర్వాత నీ మీద కోపం వచ్చింది. ఒక్కసారి నోరు తెరిచి చెప్పి ఉంటే నేను ఆ ఇంట్లో సగం సగం తినకుండా హాయిగా బతికేదాన్ని. ఆ తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది, అడగనందుకు. ఇప్పుడు ఏ కోపమూ లేదు. ఊరికే ఆ వంటిల్లు కళ్ల ముందు మెదులుతోంది. ఆ పసుపు పచ్చని కౌంటర్, తలుపు సరిగ్గా మూతపడని ఫ్రిజ్, నువ్వు పోపు పెడితే మోగే ఫైర్ అలారం, దాని కింద అన్నయ్య తువ్వాలు విసురుతూ నిలబడటం.

ఇక్కడ అందరూ మంచివాళ్లే. వేద నన్ను బాగా చూస్తుంది. అయితే భోజనం దగ్గర మాటలు నన్ను దాటి పోతుంటాయి. వాళ్లు నవ్వితే నేనూ నవ్వుతాను. నిధి నా చెవి దగ్గరికొచ్చి, “నానమ్మా, డాడీ ఫన్నీ చెప్పింది” అని అరుస్తుంది. ఏమిటే అంటే ఆ పిల్లకి తెలుగులో చెప్పడం రాదు, నాకు అంత వేగం ఇంగ్లీషు అందదు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. కిటికీ దగ్గర కూర్చుని అవతలి ఇంటివాళ్ల కుక్కని చూస్తుంటాను.

ఇది ఫిర్యాదు కాదు. నీతో చెప్పుకోవాలనిపించింది.

శశి


ప్లెయిన్స్‌బరో,
ఫిబ్రవరి 16, 2025.

శశికి,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. రాయడానికి ముందు ఒక పని చేయాల్సి వచ్చింది.

మళ్లీ కాస్ట్‌కోకి వెళ్లాను. మంచు పడింది, మనీషా డ్రైవ్ చేసింది. అనిక నన్ను గుర్తుపట్టింది. ఈసారి నా పేరు మీదే కొత్తగా తీసుకుంటే ఎలా అని అడిగాను. అదే ధరకి ఇంట్లో ఇంకొకరికి కూడా కార్డు ఇస్తారట. అయితే ఆ మనిషి అదే అడ్రస్‌లో ఉండాలి. స్వయంగా రావాలి, కౌంటర్ దగ్గరే ఫోటో తీస్తారు. చెవి మిషన్ల వాళ్లు కూడా లోపలే ఉన్నారు. నీ మిషన్ ఈల ఎందుకు వేస్తుందో చూస్తామన్నారు. ఒకోసారి చెవిలో సరిగ్గా కూర్చోకపోయినా అలా అవుతుందట.

ఒక్కదానికి ఆ మెంబర్‌షిప్ దండగ. అది నాకు తేలిపోయింది. ఇద్దరికైతే దండగ కాదు.

వస్తావా శశీ? చుట్టపుచూపుగా కాదు. నీ గది అలాగే ఉంది, కుట్టు మిషన్ ఒక్కటి తీస్తే సరిపోతుంది. అప్పట్లో మిమ్మల్ని చూసుకున్నందుకు బదులుగా వదినకి తోడుండాలి అనుకుని మాత్రం రావద్దు. ఆ లెక్కతో వస్తే నేను పంపించేస్తాను. నాతో ఉండాలనిపిస్తేనే రా. నాకు నీతో ఉండాలని ఉంది. ఇలా రాయడం నాకు అలవాటు లేదు, మూడు కాగితాలు చింపాను.

రాజ్ నొచ్చుకోకుండా చెప్పు. చెప్పలేకపోతే, ఊరుకో. నేనేమీ అనుకోను.

నీ వదిన


హెర్న్‌డన్,
మార్చి 8, 2025.

వదినా,

చెప్పాను. నేను అనుకున్నట్టే రాజ్ నొచ్చుకున్నాడు. వేద మీద అలిగానేమో అనుకున్నాడు. వేద తనేం తక్కువ చేసిందోనని పక్కకెళ్లి ఏడ్చింది. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ దిక్కుమాలిన మిషన్ చెవికి పెట్టుకుని మాట్లాడాను. అది ఈల వేస్తూనే ఉంది.

“నీకిక్కడ ఏం తక్కువైందమ్మా?” అన్నాడు రాజ్.

“ఏదీ తక్కువ కాలేదురా. నేను ఏ ఇంటికి వెళ్లినా వెళ్లాల్సొచ్చి వెళ్లినదాన్నే. డాలస్ వెళ్లాను, అన్నయ్య దగ్గరికి వెళ్లాను, నీ వెంట ఇక్కడికొచ్చాను. ఇప్పుడు నన్నొకరు రమ్మని అడుగుతున్నారు. నాకు వెళ్లాలనుంది.”

 చివరికి వాడు, “అత్త దగ్గర బాల్కనీ తలుపు సరిగ్గా పడదు, వెళ్లినప్పుడు చూస్తాను” అన్నాడు. వాడు ఒప్పుకోవడం అలాగే ఉంటుంది, మామయ్య పెంచిన పిల్లాడు కదా. వేద కళ్లు తుడుచుకుని, వేసవి సెలవుల్లో నిధిని మన దగ్గరే వదులుతానంది. తెలుగు వస్తుందట. నిధి అప్పుడే తన బొమ్మలు సర్దుతోంది.

నా మాటలు కొన్ని ముందే చెబుతున్నాను. పొద్దున కాఫీ నేను పెడతాను, నీది నీళ్లలా ఉంటుంది. టీవీ పెద్దగా పెట్టుకుంటాను, దివాకర్ వాళ్లకి చెప్పి ఉంచు. అన్నం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పెట్టించుకుంటాను.

ఈ నెలాఖరు శనివారం రాజ్ తీసుకొస్తాడు. నేను వచ్చేదాకా బియ్యం కొనకు, కలిసి వెళ్దాం.

ఒకటే సందేహం. కార్డు మీదకి ఫోటో తీస్తారన్నావు. జుట్టుకి రంగు వేసుకుని రానా, ఇలాగే తెల్లగా రానా? వెంటనే రాయి.

నీ శశి